నోరు కట్టేసుకున్న మూడు వారాలు

నా గొంతు పోయిన రోజున బిషప్ లారీ దిగలేదు.

బిషప్ అంటే గుర్రం. పుట్టిన నెలకే బొద్దుగా తయారై, వచ్చినవాళ్లంతా వంగి దండం పెట్టుకోవాలన్నట్టు చూసేవాడు. మా అక్క అసంప్టా ఆ పేరు పెట్టింది. రోజూ పూజకు వెళ్లే మనిషి పెట్టిన పేరు కాబట్టి ఊళ్లో ఫాదరు కూడా కిమ్మనలేకపోయాడు.

ఆగస్టు ఆఖరు. వారం నుంచి వాన. వాడికి లాడాలు కొట్టించుకుని ఇంటికొచ్చాం. లారీ వెనక పలక దించి, పగ్గం పట్టుకుని, నోరు తెరిచాను. గాలి తప్ప ఏమీ రాలేదు. మూడు రోజుల జలుబు గొంతులోకి దిగి బాసింపట్టు వేసుకుని కూర్చుంది. వాడు ముందుకాళ్లు రెండూ పలక అంచున ఆనించి నిలబడ్డాడు. లాగాను, రాలేదు. లోపల్నుంచి వాణ్ని స్వారీ చేసే ఫినోలా పిర్ర మీద చరిచింది, రాలేదు.

"ఏంట్రా నీకు? పొద్దున ఎక్కిన పలకే కదరా!" అని ఫినోలా బతిమాలింది. తర్వాత నన్ను వెక్కిరిస్తున్నట్టు గొంతు లావు చేసి "హప్!" అంది.

బిషప్ మెడ తిప్పి ఆమెను చూశాడు. గుడిలో గంట కొట్టే మనిషి పీఠమెక్కి ప్రసంగం మొదలుపెడితే జనం చూస్తారే, ఆ చూపు.

చివరికి అసంప్టా బకెట్లో ఓట్స్ దాణా తెచ్చి ఆడిస్తే దిగాడు. నవ్వుకున్నాం. అప్పుడే నా బుర్రకు తట్టవలసింది. తట్టలేదు. అరవై మూడేళ్లవాడు వానలో పావుగంట నిలబడ్డాక తట్టేది వంటింటి పొయ్యి ఒక్కటే.

ఫినోలా హేడన్‌ది మా పక్క ఊరు. పాలకేంద్రంలో పని. తెల్లవారకముందే క్యాన్లు దించుకోవడం మొదలుపెడితే పదకొండుకు విడుపు. పదకొండున్నరకి పాలవాసన వదలకుండానే మా పొలంలో ఉండేది. నాలుగేళ్లుగా ఆదివారం కూడా తప్పలేదు. ముప్ఫై ఏళ్ల మనిషి, భుజాలు మగవాడివి, నోరు మా అక్కది. బిషప్‌కు మొదట జీను వేసింది ఆమే. వాడు మొదటిసారి కిందపడేసిందీ ఆమెనే.

అయితే గుర్రం ఆమెది కాదు, నాదీ కాదు. ప్రెండర్‌గాస్ట్ దొరసానిది. జూన్‌లో రెండో పోటీ కూడా పాడయ్యాక ఆవిడ మా పెరట్లో నిలబడి, గొడుగు ముడుస్తూ చెప్పింది.

"సెప్టెంబరు ఆఖరి పోటీ దాకా చూస్తాను మలాకీ. ఒక్క మొరాయింపు లేకుండా దాటాలి. లేదంటే వాణ్ని ఇంగ్లాండులో మా మేనల్లుడి దగ్గరకు పంపించేస్తా. గుర్రంలో లోపం లేదు. అది నీకూ తెలుసు."

మరి లోపం ఎవరిలో ఉందో చెప్పలేదు. ఫినోలా అక్కడే కూర్చుని బూట్ల బురద గీకుతోంది. తల ఎత్తలేదు. గీకిన బూటునే మళ్లీ మళ్లీ గీకింది.

దొరసాని మాట అన్యాయమేం కాదు. మా పోటీ సంగతే అంత. పొలాలకూ, తోపులకూ అడ్డం పడి నాలుగు కిలోమీటర్ల దౌడు, దారిలో ఇరవై మూడు అడ్డంకులు. దుంగలు, కంచెలు, నీళ్లు, కందకాలు. రౌతు ముందురోజు కాలినడకన వెళ్లి అన్నీ చూసుకోవచ్చు, అంగలు కొలుచుకోవచ్చు. గుర్రానికి మాత్రం ఒక్కటీ చూపించకూడదు. వాడు వెళ్లేది తెలియని చోటికి, పైనున్న మనిషిని నమ్మి. ఏప్రిల్లో పదకొండో అడ్డంకి దగ్గర, జూన్‌లో పదహారో దాని దగ్గర బిషప్ నిలబడిపోయాడు. రెండు చోట్లా గుంత మీద పడేసిన దుంగే.

అందుకని నేను వేసవంతా గుంతలు తవ్వాను. వెడల్పుది, ఇరుకుది, నీళ్లున్నది. వాటి మీద దుంగలు వేశాను. మా పొలంలో బిషప్ వాటిని పిచ్చుక గడప దాటినట్టు దాటేవాడు. ఇంట్లో పులి, బయట పిల్లి. ఎందుకో అంతు చిక్కలేదు. నడుం నొప్పి మాత్రం మిగిలింది.

ఇక ఆ గొంతు సంగతి. లారీ దిగనన్న మర్నాడు కూడా నాకు మాట రాలేదు. అయినా అలవాటు కొద్దీ వెడల్పు గుంత పక్కన నా చోట నేను నిలబడ్డాను. నాలుగేళ్లుగా నేను నిలబడి నిలబడి అక్కడ గడ్డి మొలవడం మానేసింది. ఫినోలా దౌడు మీద వచ్చింది. ఆరు అంగల దూరం నుంచే నాకు లెక్క కనిపించింది. బాగుంది, సరిగ్గా వస్తున్నారు. మూడో అంగ దగ్గర నా నోరు దానంతటదే తెరుచుకుంది. గాలి వచ్చింది.

బిషప్ నడక తగ్గించాడు. గుంత అంచున ఆగాడు. భయపడి కాదు. కోపంతోనూ కాదు. ఎడమ చెవి నా వైపు తిప్పి, ఓపిగ్గా, బస్సు కోసం నిలబడినట్టు నిలబడ్డాడు. పైన ఫినోలా కూడా తల తిప్పి నన్నే చూస్తోంది. ఇద్దరిదీ ఒకే చూపు.

వాళ్లు కాచుకున్నది నా "హప్!" కోసం.

మా నాన్న ఇదే మాట అనేవాడు. ఆయన నాన్న దున్నే గుర్రాలతో అనేవాడు. అడ్డంకి పక్కన నిలబడి, ఎగరవలసిన క్షణం చూసి "హప్!" అనడం మా క్వర్క్‌ల ఇంటి విద్య. నా కన్ను తప్పదని ఈ టిప్పరరీ జిల్లాలో పేరు. ఆ పేరు కోసమే దూరాల నుంచి గుర్రాలు తెచ్చేవాళ్లు. కానీ పోటీలో బయటినుంచి ఎవరు అరిచినా రౌతును పంపించేస్తారు. అక్కడ నేను నోరు మూసుకునే ఉంటాను. మామూలు కంచెలైతే వాళ్లిద్దరూ వేడి మీద దాటేస్తారు. ఎక్కడ అనుమానం వస్తుందో అక్కడ ఇద్దరూ నా కేక కోసం ఎదురుచూస్తారు. నేనేమో అర కిలోమీటరు అవతల టోపీ నలుపుకుంటూ ఉంటాను.

ఇంటికెళ్లి పలక మీద సుద్దముక్కతో రాసి అక్కకు చూపించాను. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని చదివి, చెరిపేసి, పిండి కలపడం మొదలుపెట్టింది.

"నాలుగేళ్లుగా ఆ గుర్రం ఎక్కింది ఆ పిల్ల కాదురా," అంది. "నీ గొంతు."

తర్వాత కాస్త జాలిపడి, "పునీత బ్లేజు గారికి కొవ్వొత్తి వెలిగించనా? గొంతుజబ్బులన్నీ ఆయనవే కదా," అంది.

ఫినోలా గుమ్మంలో నిలబడి వింటోంది. "వెలిగించండి అత్తా," అంది. "ఇంకో నెల దాకా రాకుండా చూడమని."

కానీ పది రోజులకే వచ్చింది. గుంతల దగ్గర మాత్రం వాడలేదు.

గొంతు వచ్చాక పోటీ దాకా మిగిలిన మూడు వారాలూ నేను చేసిన పని నోరు కట్టేసుకోవడం. చెప్పుకోవడానికి ఇంతే. చేస్తే తెలుస్తుంది. మొదటిరోజు గుంతకు వీపు తిప్పి నిలబడ్డాను. వాడు నా వీపుకేసి చెవి తిప్పి ఆగాడు. రెండోరోజు గడ్డివామి వెనక దాక్కున్నాను. అంతా బాగానే ఉంది, గిట్టల చప్పుడు దగ్గరికొస్తోంది, నాకు దగ్గు వచ్చింది. వెంటనే అవతల ధబ్బుమని చప్పుడు, ఆపైన ఫినోలా కేకలు.

"మలాకీ! నీ దగ్గుక్కూడా దూకుతున్నాడయ్యా వీడు! రెండంగల ముందే ఎగిరాడు, నా పళ్లు రాలేవి! నువ్వు తుమ్మావంటే చర్చి గోపురం దాటేస్తాడేమో!"

దాంతో పొలంలోంచే వెళ్లిపోయాను. వంటింట్లో, గుంత కనబడే కిటికీకి అసంప్టా తెర లాగేసి, నా చేతికి కత్తీ బంగాళాదుంపలూ ఇచ్చింది.

వెళ్లేముందు ఫినోలా అడిగింది. "నేనేం చెయ్యాలో అదన్నా చెప్పి పో."

"ఏమీ చెయ్యకు. తిన్నగా తీసుకురా. గుంత కనబడ్డాక పగ్గాలు సడలించు, మెడపట్టీ పట్టుకో. మిగతాది వాణ్ని చూసుకోనీ."

"ఏమీ చెయ్యకపోవడం ఎట్లా చేస్తారు?"

నాకు తెలిస్తే కదా చెప్పడానికి.

ఆ రోజు బుట్టెడు దుంపలు చెక్కాను. ముప్పావుగంట పోయాక మోకాళ్ల దాకా బురదతో వచ్చింది.

"దాటాడా?"

"లేదు. గుంతలోకి దిగాడు. నీళ్లు తాగాడు. అటుపక్క ఎక్కాడు. నేను పైన బొమ్మలా కూర్చున్నాను."

"మంచిదే."

"దేంట్లో మంచి?"

"నాలుగేళ్లలో వాడంతట వాడు ఆలోచించి చేసిన మొదటి పని అది."

"ఆహా! ఇక నేను వాడికి వీసా ఇప్పించి కాలేజీలో వేస్తాను," అని తువ్వాలు విసిరికొట్టి వెళ్లిపోయింది. సైకిలు తొక్కడంలో కోపం తెలిసింది.

రెండో వారం ఫినోలా కిందపడింది. పొయ్యి దగ్గర కూర్చునే విన్నాను. ముందు దౌడు, తర్వాత ఒక తడబాటు, తర్వాత మెత్తటి చప్పుడు. ఆపైన బిషప్ ఒక్కడే, రికాబులు డొక్కలకు కొట్టుకుంటూ కిటికీ పక్కనుంచి పోయాడు. లేచాను. అసంప్టా చెయ్యి నా భుజం మీద పడింది. డెబ్భై ఏళ్ల చెయ్యి, తడిపిండి అంటుకుని ఉంది.

"కూర్చో."

"అక్కా, పిల్ల పడింది."

"పడితే లేస్తుంది. లేవకపోతే నేను వెళ్తా. నువ్వెళ్లావంటే మళ్లీ మొదటికొస్తుంది."

నేను కూర్చున్నాను. అంత పొడుగు రెండు నిమిషాలు నా బతుకులో లేవు. తర్వాత గేటు తీసిన చప్పుడు, బూతులు. ఆ బూతులు వింటే ప్రాణం లేచొచ్చింది. ఎముకలు విరిగిన మనిషి అంత వరసగా తిట్టలేదు.

ఫినోలా లోపలికొచ్చి, బల్ల ఎదురుగా కూలబడింది. చెంప మీద గీరుకుపోయింది.

"నువ్వుంటే పడేదాన్ని కాదు."

"నిజమే."

"నీకు విసుగొచ్చింది, అది చెప్పు. నన్ను వదిలించుకోవడానికి ఇదొక వంక. గుర్రం ఎట్లాగూ ఇంగ్లాండు పోతుంది, దీనికెందుకు గొంతు చించుకోవాలి అనుకున్నావు."

కాదనబోయాను. కానీ ఆ మాటలో సగం నిజం ఉంది. గొంతు పోయిన ఆ పది రోజులూ నాకు ఎంత హాయిగా ఉందో ఎవరికీ చెప్పలేదు. నలభై ఏళ్లు గుంతల పక్కన నిలబడి అరిచాను. ఎంతమంది ఫినోలాలు వచ్చారు, ఎన్ని గుర్రాలు పోయాయి. పోయిన ప్రతి గుర్రంతోపాటు నా కేక కూడా కొంత పోయింది. పోయిన చోట అవి ఎన్ని గుంతల అంచున ఆగి, చెవి తిప్పి, నా కోసం చూశాయో. ఆ ఆలోచన వచ్చిన దగ్గర్నుంచి నిద్ర సరిగా లేదు.

"విసుగు మాట నిజం," అన్నాను. "నీ మీద కాదు."

ఆమె చాలాసేపు టీ కలుపుతూనే ఉంది. చక్కెర వెయ్యని టీ.

"రేపు గుంత దగ్గరికి నడిపించుకు వెళ్తా," అంది చివరికి. "నేను ఎక్కను. ఇద్దరం కాసేపు దాన్ని చూస్తాం. అంతే."

ఆ ఆలోచన నాది కాదు. నేనైతే చెప్పి ఉండేవాణ్ని కాదు. తెర సందులోంచి ఒకసారి చూశాను, అక్క పెరట్లోకి వెళ్లినప్పుడు. ఫినోలా గుంత గట్టున గోనెసంచి వేసుకుని కూర్చుని రొట్టె తింటోంది. బిషప్ ముక్కు గుంతలోకి దించి వాసన చూస్తున్నాడు. అంతా కలిసి పనిలా లేదు. పని తప్పించుకుంటున్నట్టు ఉంది.

మూడో వారం ఎట్లా నడిచిందో నాకు తెలియదు. అడగలేదు, ఆమె చెప్పలేదు. ఆమె మొహాన గాట్లు మాత్రం కొత్తవి కనబడలేదు.

పోటీ బల్లీమొరేన్ ఎస్టేటులో. ముందురోజు ఇద్దరం కాలినడకన తిరిగాం. పద్నాలుగో అడ్డంకి చూడగానే నిలబడిపోయాను. ఎండలోంచి తోపు నీడలోకి వెళ్లే చోట, చీకటిగా గుంత, దాని మీద నా నడుమంత లావు దుంగ. ఫినోలా అడుగులు కొలుచుకుంటూ వచ్చి నా పక్కన నిలబడింది. నోటి దాకా వచ్చింది, నాలుగు అంగలని. మింగేశాను. ఆమె నన్ను చూసి నవ్వింది.

"గొంతులో ముల్లు దిగినట్టుందే."

"నడువ్, చలేస్తోంది."

పోటీ రోజున దొరసాని వచ్చి పలకరించింది. "ఎక్కడ నిలబడతావు మలాకీ? పద్నాలుగు దగ్గరేనా?"

"చిప్స్ బండి దగ్గరండీ."

ఆవిడ కళ్లజోడు దించి చూసింది. "నా గుర్రం ఉండేదా పోయేదా తేలే రోజున నువ్వు చిప్స్ తింటావా?"

"తినకపోతే నోరు ఊరుకోదండీ."

ఆ మాటలో దాపరికం లేదు. నేనక్కడ ఉంటే నా నోరు తెరుచుకుంటుంది. తెరుచుకుంటే ఫినోలాను పంపించేస్తారు. తెరుచుకోకపోయినా, నన్ను చూస్తే వాడు ఆగుతాడు. అందుకని మైదానానికి ఈ చివర, జనరేటరు పొగలో, వరుసలో నిలబడ్డాను. కనబడేది ముందున్నాయన కోటు వీపు. వినబడేది మైకు.

"అరవై ఒకటో నంబరు, బిషప్ మీద ఫినోలా హేడన్, బయల్దేరింది."

వరుస ఒకడుగు జరిగింది. "రెండు దాటింది. మూడు దాటింది." ఇంకో అడుగు. ఏడు దాకా శుభ్రంగా చెప్పాడు. బండిలో ఆమె "ఉప్పా, వెనిగరా, రెండూనా?" అంది. నేను తల ఊపాను. ఎటు ఊపానో తెలియదు. పది. పన్నెండు. పదమూడు దాటింది.

అంతలో ఇంకెవరో ఆరో దాని దగ్గర పడ్డారు. మైకు అటు తిరిగిపోయింది. రౌతు లేచి నిలబడిందట, గుర్రం తప్పించుకుందట, ఎవరైనా పట్టుకోవాలట. అరవై ఒకటి ఊసే లేదు. పొట్లం చేతిలో కాలుతోంది. చుట్టూ అందరూ ఆ తప్పిపోయిన గుర్రం గురించే మాట్లాడుకుంటున్నారు. నాకు ఆ గుర్రం మీద చచ్చేంత కోపం వచ్చింది.

"అరవై ఒకటి, ఇరవై దాటింది," అన్నాడు ఎప్పటికో.

ఇరవై దాటిందంటే పద్నాలుగు ఎట్లాగో దాటినట్టే. ఆ ఎట్లాగో అన్నదే నాకు కావలసింది. ఒక్కసారి మొరాయించి తర్వాత దాటినా ఇరవైకి వస్తారు. దొరసానికి అది చాలు వాణ్ని ఓడ ఎక్కించడానికి.

పరుగు ముగిసే చోటికి వెళ్లేసరికి ఫినోలా జీను పట్టీ వదులు చేసి, వాడి మీద నీళ్లు గుమ్మరిస్తోంది. ఇద్దరికీ ఆవిర్లు. ఆమె మొహం చూసి ఏమీ కనిపెట్టలేకపోయాను.

"ఎక్కడ చచ్చావు?"

"చిప్స్."

"నాకేవీ?"

పొట్లం ఇచ్చాను. నాలుగు నోట్లో కుక్కుకుని, నములుతూనే చెప్పింది.

"పద్నాలుగు దగ్గర నడక తగ్గించాడు. చెవి పక్కకి తిప్పాడు, నువ్వుండే వైపు. నేనూ అటే చూశాను, సిగ్గులేకుండా. అక్కడ ఎర్ర గొడుగేసుకుని ఎవరో ముసలామె ఉంది. నువ్వు లేవు. ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. పగ్గాలు వదిలేసి మెడపట్టీ పట్టుకున్నా. వాడు ముక్కు దించి గుంతలోకి చూశాడు, మన గుంతను చూసినట్టే. ఉన్నచోటు నుంచే, ఆవు కంచె ఎక్కినట్టు ఎక్కేశాడు."

"ఆగాడా?"

"ఆగినట్టే."

"ఆగితే ఫర్వాలేదు. వెనక్కి అడుగేశాడా? వేస్తే అది మొరాయింపే."

చిప్స్ నమలడం ఆపింది. "తెలీదు మలాకీ. నేను వాడి మెడ పట్టుకుని కళ్లు మూసుకున్నా. అక్కడ కుర్చీ వేసుకుని రాసుకున్నాయనకే తెలుసు."

అరగంట పట్టింది బోర్డు మీద రాయడానికి. బిషప్‌ను గుండ్రంగా నడిపించాం, ఒళ్లు ఆరేదాకా, ఆరిన తర్వాత కూడా. దొరసాని బోర్డు దగ్గరికి వెళ్లి, కళ్లజోడు పెట్టుకుని, వేలితో గీసుకుంటూ చదివి, తిరిగొచ్చింది.

"అడ్డంకుల దగ్గర తప్పులు లేవు," అంది. "వేళ మాత్రం బాగా మీరింది. పాలబండి ఇంతకంటే తొందరగా పోతుంది."

ఫినోలా వాడి జూలులో మొహం దాచుకుంది.

"ఎర్ర గొడుగు నాదే," అంది దొరసాని నాతో. "దగ్గర్నుంచే చూశాను. అంత వికారంగా దూకిన గుర్రాన్ని నా జన్మలో చూడలేదు. నువ్వు నేర్పిందేనా అది?"

"కాదండీ. వాళ్లదే."

ఆవిడ బిషప్ ముక్కు మీద చెయ్యి వేసి కాసేపు ఉంచింది. "వచ్చే ఏడు కూడా ఇక్కడే ఉండనీ అయితే. మేనల్లుడికి చెప్తాలే."

ఇంటికొచ్చేసరికి పొద్దు వాలుతోంది. మళ్లీ సన్నగా వాన. పలక దించాను. బిషప్ ముందుకాళ్లు రెండూ అంచున ఆనించి నిలబడ్డాడు, చెవి నా వైపు తిప్పి.

"ఇప్పుడు అనొచ్చుగా," అంది ఫినోలా. ఆమెకు కళ్లు మూతలు పడుతున్నాయి. "పోటీ అయిపోయింది. ఒక్కసారి అని పడెయ్, ఇంటికి పోదాం."

గొంతు బాగానే ఉంది. మాట నాలుక మీదే ఉంది. నలభై ఏళ్ల అలవాటు, ఒక్క అక్షరం ఖర్చు. నడుం విరిగిపోతోంది, కాళ్లు తడిసిపోయాయి.

పగ్గం వాడి మెడ మీద వేసి, బకెట్టు బోర్లించుకుని పక్కన కూర్చున్నాను. ఫినోలా నన్ను చూసి, నిట్టూర్చి, ఇంకో బకెట్టు వెతుక్కుంది.

వంటింటి గుమ్మంలోంచి అసంప్టా కేకేసింది. "టీ చల్లారిపోతోంది! ఏం చేస్తున్నారక్కడ వానలో?"

"వస్తాం," అన్నాను. "వాడు దిగాక."